లోతు అందని దెబ్బ

వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం గట్టున మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి గుడి ఉంది. గర్భగుడిలో శివలింగం నెత్తిన ఒక గుంట, ఆ గుంటలో ఎప్పుడూ నీళ్లు. దాని వెనక కథ ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఒక బోయవాడు పిట్టను తరుముకుంటూ వచ్చాడు. పిట్ట శివుడి చాటుకు చేరింది. నా ఆకలి సంగతేమిటని బోయవాడు నిలదీస్తే, నా తలలోంచి మాంసం తీసుకొమ్మన్నాడట స్వామి. వాడు పది వేళ్లూ దించి పెకలించుకుపోయాడు. ఆ గాయం కడగడానికి గంగ దిగివచ్చిందని, గుంటలో నీరు అదేనని నమ్మకం. తర్వాత ఎప్పుడో శంకరాచార్యులవారు లోతెంతో చూద్దామని బంగారు సూదికి దారం కట్టి అందులోకి వదిలారట. దారం ఎంత వదిలినా అడుగు తగల్లేదు. పైకి లాగి చూస్తే సూదికి నెత్తురు అంటి ఉందట.

తలకు తగిలిన దెబ్బ లోతు కొలవబోయి కొలవలేకపోయిన ఈ కథ, ఆ ఊరి పక్కగా పోయే రోడ్డును చూసినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. అది అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు. నల్లగొండ, మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా వచ్చి వాడపల్లి వంతెన దాటితే అవతల పొందుగుల, ఆపైన పల్నాడు. దీనికి ఉత్తరాన సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాద్–విజయవాడ హైవే. ఈ రెండు రోడ్ల పేరెత్తితే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి చావులే. 2014 డిసెంబర్ 6న మునగాల మండలం ఆకుపాముల దగ్గర సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ కారు ప్రమాదంలో పోయారు. నాలుగేళ్లు తిరక్కముందే, 2018 ఆగస్టు 29న, అన్నెపర్తి దగ్గర ఆయన తండ్రి హరికృష్ణ పోయారు. చావులు పేపర్లో వస్తాయి, పోలీసు లెక్కల్లోకి ఎక్కుతాయి. బండి మీద నుంచి పడి, లేచి, దుమ్ము దులుపుకుని ఇంటికి పోయినవాళ్ల కథ మాత్రం అక్కడితో ఆగిపోతుంది. అసలు బాధ కొందరికి అక్కడే మొదలవుతుంది.

ఒక మనిషిని ఊహించుకుందాం. మిర్యాలగూడ రైస్‌మిల్లులో గుమాస్తా, నలభై ఏళ్లవాడు. రాత్రి పని ముగించుకుని వస్తుంటే స్పీడ్‌బ్రేకర్ కనబడక బండి జారింది. తల రోడ్డుకు కొట్టుకుంది. ఆ కాసేపు ఏం జరిగిందో గుర్తులేదు. ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీశారు. "ఏం లేదు, నార్మల్" అని నొప్పి మాత్రలు రాసి పంపారు. నాలుగు నెలలైంది. పైకి చూస్తే మనిషి నిక్షేపంగా ఉన్నాడు. కానీ లారీకెక్కే బస్తాలు లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పుతున్నాడు. పదిహేనేళ్లుగా అలవాటైన మిల్లు మోత ఇప్పుడు భరించలేకపోతున్నాడు. నిద్ర పట్టదు. తలనొప్పి, కళ్లు తిరగడం వదల్లేదు. పిల్లల మీద ఊరికే కసురుకుంటాడు. "తలకాయ మొద్దువారినట్టుంది, ఏదీ యాదికుంటలేదు" అంటాడు. "స్కానింగ్‌ల ఏం లేదన్నరు గదరా, ఇంకేంది?" అంటాడు అన్న.

ఆ అన్నది దుర్మార్గమేమీ కాదు. డాక్టరు చెప్పిన మాటనే ఆయన తిరిగి చెబుతున్నాడు. చిక్కంతా "ఏం లేదు" అన్న ఆ రెండు ముక్కల్లో ఉంది.

సీటీ వెతికేది రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని, మెదడు వాపును. తల తెరవాలా అక్కర్లేదా అన్న ప్రశ్నకు అది గంటలోపే జవాబిస్తుంది. 1971 అక్టోబర్‌లో లండన్‌లో తొలిసారి మనిషి తలను అలా ఫొటో తీసిన నాటి నుంచి అది కాపాడిన ప్రాణాలు అన్నీ ఇన్నీ కావు. కానీ దాని చూపు అర మిల్లీమీటరు దగ్గర ఆగిపోతుంది. మెదడులో కణాన్ని కణంతో కలిపే తీగ, ఆక్సాన్, మందం ఇంచుమించు మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల ఒక్కసారిగా గిర్రున తిరిగి ఆగినప్పుడు, నీటిలో తేలే మెత్తటి మెదడు లోపల మెలిపడుతుంది. తీగలు సాగుతాయి. సాగిన చోట కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది. దాన్ని సర్దడానికి కణంలోని పంపులన్నీ ఒక్కసారిగా గ్లూకోజు కోసం ఎగబడతాయి. సరిగ్గా అప్పుడే ఆ భాగానికి రక్తం రావడం తగ్గుతుంది. వోల్టేజీ పడిపోయిన రాత్రి ఆయకట్టులో మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చేసినట్టన్నమాట. దీనికే కంకషన్ అని పేరు. ఇదేదీ ఫిల్ములో కనబడదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడితే గట్టు మీద నిలబడి చూడవచ్చు. చివరి మడికి నీళ్లు అందుతున్నాయా లేదా అన్నది గట్టు మీద నుంచి తెలియదు, ఆ మడి దాకా నడిచి పోవాలి.

ఆస్పత్రిలో దెబ్బ తీవ్రతకు వేసే మార్కులదీ ఇదే పరిస్థితి. 1974లో గ్లాస్గో నగర వైద్యులు గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ తయారుచేసిన కొలత అది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. పదమూడు, ఆపైన వస్తే "మైల్డ్" అంటారు. మన గుమాస్తాకు 15కు 15 వచ్చి ఉంటాయి. కళ్లు తెరిచాడు, పేరు చెప్పాడు, చెయ్యెత్తమంటే ఎత్తాడు. బస్తాలు లెక్కపెట్టమని అక్కడ ఎవరూ అడగరు. అది కోమా కొలత, కోమాలో లేనివాడి కష్టం దానికి అందదు. మైల్డ్ అన్న మాట దెబ్బ తగిలిన తొలి గంటల గురించి మాత్రమే. నాలుగు నెలల తర్వాతి బతుకు గురించి అది ఏ హామీ ఇవ్వలేదు. రోగులకు ఈ తేడా చెప్పకపోవడం వల్ల ఎంత వేదన పెరుగుతోందో అనిపిస్తుంది.

మరి ఇంతకాలం వైద్యులు ఏం చేశారు? పేర్లు మార్చుకుంటూ వచ్చారు. 1866లో లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సెన్, రైలు ప్రమాదాల నుంచి చిన్న గాయాలతో బయటపడి నెలల తరబడి తలనొప్పి, మతిమరుపు, నిద్రలేమి అంటున్న ప్రయాణికుల గురించి పుస్తకం రాశాడు. వెన్నుపాము అదిరిపోవడమే కారణమన్నాడు. లోకం దానికి "రైల్వే స్పైన్" అని పేరు పెట్టింది. 1883లో హెర్బర్ట్ పేజ్ లేచి, వెన్నుకేం కాలేదు, అది భయం పెట్టిన రోగం అన్నాడు. ఈయన ఒక రైల్వే కంపెనీకి సర్జన్ కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే తగువు "షెల్ షాక్" పేరుతో నడిచింది. 1934లో స్ట్రాస్, సావిట్‌స్కీ అనే అమెరికన్ వైద్యులు "పోస్ట్ కంకషన్ సిండ్రోమ్" అన్నారు. 1961లో హెన్రీ మిల్లర్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు, ఇది పరిహారం డబ్బు కోసం పుట్టే "యాక్సిడెంట్ న్యూరోసిస్" అని తేల్చేశాడు. దెబ్బ మెదడుకా, మనసుకా, జేబుకా? నూట యాభై ఏళ్లుగా ఈ మూడింటి మధ్యే ఊగిసలాట.

పేరు కుదిరాక అయినా నిర్వచనం కుదిరిందా అంటే అదీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక పదో కూర్పు ప్రకారం తలనొప్పి, కళ్లు తిరగడం, చిరాకు, ఏకాగ్రత లోపం, నిద్రలేమి, మందు తాగితే మునుపటిలా తట్టుకోలేకపోవడం వంటివాటిలో మూడు ఉంటే చాలు. తన మెదడు చెడిపోయిందేమోనని రోగి పదేపదే భయపడటాన్ని కూడా అది లక్షణంగా లెక్కేసింది. అమెరికా మానసిక వైద్యులు 1994లో పెట్టిన షరతులు ఇంకా గట్టివి: లక్షణాలు మూడు నెలలు ఉండాలి, జ్ఞాపకశక్తో ఏకాగ్రతో తగ్గినట్టు పరీక్షలో తేలాలి, రోజువారీ బతుకు దెబ్బతిని ఉండాలి. 2004లో బోక్, ఆయన సహచరులు 178 మంది పెద్దవాళ్లను దెబ్బ తగిలిన మూడు నెలలకు పరీక్షించి, రెండు కొలబద్దలతోనూ కొలిచారు. మొదటి దాని ప్రకారం వారిలో 64 శాతానికి ఈ జబ్బు ఉంది. రెండో దాని ప్రకారం 11 శాతానికే. మనుషులు వాళ్లే, తలలు అవే. 2013లో అమెరికా మానసిక వైద్యులు ఆ పేరునే తమ రోగనిర్ధారణ పుస్తకంలోంచి తీసేశారు. క్రీడా వైద్యులు 2022 ఆమ్‌స్టర్‌డామ్ సమావేశంలో సిండ్రోమ్ అన్న మాట జోలికి పోకుండా, నాలుగు వారాలు దాటితే "నిలిచిపోయిన లక్షణాలు" అన్నారు. నాకు ఈ మాటే నిజాయితీగా తోస్తుంది. కారణం తెలిసినట్టు నటించదు, బాధ ఉందని మాత్రం ఒప్పుకుంటుంది.

కారణం తేలకపోవడానికి అసలు అడ్డంకి ఒకటుంది. ఈ లక్షణాల్లో తలదెబ్బకే ప్రత్యేకమైనది ఒక్కటీ లేదు. సిడ్నీలో సుసాన్ మియర్స్ బృందం 2008లో ప్రకటించిన పరిశోధన చూడండి. స్వల్ప తలదెబ్బతో చేరినవాళ్లను ఒక పక్క, తలకేమీ కాకుండా కాలో చెయ్యో గాయపడ్డవాళ్లను ఇంకో పక్క పెట్టి, తొలి రెండు వారాల్లోనే పరీక్షించారు. మొదటి గుంపులో 43.3 శాతం మందికి పోస్ట్ కంకషన్ సిండ్రోమ్ లక్షణాలు సరిపోయాయి. తలకు దెబ్బే లేని రెండో గుంపులో 43.5 శాతానికి సరిపోయాయి! నొప్పి, ప్రమాదం తాలూకు భయం, నిద్ర చెడటం, పని పోతుందన్న దిగులు, ఇవన్నీ కలిస్తే తలదెబ్బ లేకుండానే తలదెబ్బ లక్షణాలు వస్తాయి.

దీన్ని పట్టుకుని "అంతా మనసు పుట్టించిందే" అనేవాళ్లకు ఇంకో పరిశోధన జవాబు చెబుతుంది. అమెరికాలో పదకొండు పెద్ద ట్రామా కేంద్రాల్లో స్వల్ప తలదెబ్బ రోగులను ఏడాది పాటు గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తిరిగాక కూడా వారిలో 53 శాతం మంది తమ పనుల్లో ఏదో ఒక ఇబ్బంది ఉందన్నారు. తల తప్పించి ఎముకలకు దెబ్బ తగిలినవాళ్లలో అది 38 శాతం. ఆ రెండింటి మధ్య తేడా తలదెబ్బది కావచ్చు. కానీ ఎదురుగా కూర్చున్న ఒక మనిషి ఆ తేడాలోకి వస్తాడా, మిగతా వాటాలోకి వస్తాడా అని ఏ లెక్కా చెప్పదు.

పైగా జ్ఞాపకం కూడా మోసం చేస్తుంది. బ్రిటన్‌లోని రివర్‌మీడ్ పేరుతో 1995 నుంచి వాడుకలో ఉన్న ప్రశ్నావళిలో పదహారు లక్షణాలుంటాయి. దెబ్బకు ముందుతో పోలిస్తే ఇప్పుడెలా ఉందో సున్నా నుంచి నాలుగు దాకా చెప్పాలి. ముందెలా ఉండేవాడో మనిషికి సరిగా గుర్తుంటుందా? దెబ్బ తగిలినవాళ్లు పాత రోజులను ఉన్నదానికంటే బాగా గుర్తుపెట్టుకుంటారని పరిశోధకులు చూశారు. అప్పుడూ తలనొప్పి వచ్చేది, అప్పుడూ తాళంచెవి మరిచిపోయేవాడు. ఇప్పుడు మరిచిపోతే మాత్రం రోడ్డు మీద పడిన రాత్రే గుర్తొస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. మనసు నడిచే తీరే అంత.

డబ్బు ఆశతో నటిస్తున్నారన్న అనుమానం గురించీ ఒక మాట. నటించేవాళ్లు ఉండరని కాదు. కానీ విల్ పుకోవ్‌స్కీకి ఏ ఆశ ఉంది? 2021 జనవరిలో సిడ్నీ టెస్టు గుర్తుంది కదా, మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి కాలి కండరం పట్టేసినా 161 బంతులు ఆడి మ్యాచ్ కాపాడిన టెస్టు. ఆ టెస్టుతోనే ఆస్ట్రేలియా తరఫున అరంగేట్రం చేసి 62 పరుగులు కొట్టిన ఓపెనర్ పుకోవ్‌స్కీ. అదే అతని మొదటి, చివరి టెస్టు. తలకు మళ్లీ మళ్లీ దెబ్బలు తగిలాయి. 2022లో నిపుణుల బృందం అతని పాత ఘటనలను తిరగేసి, వాటిలో కొన్ని నేరుగా కంకషన్లు కాకపోవచ్చు, ఒత్తిడికి శరీరం స్పందించిన తీరు కావచ్చు అంది. 2024 మార్చిలో బౌన్సర్ హెల్మెట్‌కు తగిలింది. తర్వాత నెలలు గడిచినా తలనొప్పి, కళ్లు తిరగడం, అలసట వదల్లేదు. 2025 ఏప్రిల్‌లో, ఇరవై ఏడేళ్లకే, ఇక ఆడనన్నాడు. ఒకే మనిషిలో ఏ దెబ్బ మెదడుది, ఏది భయానిది అని విడదీయడం అంత వసతులున్న దేశంలోనే అంత కష్టమైంది. ఏది ఎంత అయినా, అతను కోల్పోయింది మాత్రం నిజమైన జీవితం.

రక్తపరీక్ష రాలేదా అని అడుగుతారు. వచ్చింది. 2018 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రెండు ప్రోటీన్లను కొలిచే పరీక్షకు అనుమతిచ్చింది. అయితే అది కూడా తొలి గంటలకే. సీటీ అవసరమా కాదా అని తేల్చడానికే. నాలుగో నెలలో తలనొప్పి ఎందుకుందో దానికి తెలియదు.

ఇక్కడ మన దగ్గర ఇంకో చిక్కు తోడవుతుంది, అది భాషది. "కళ్లు తిరుగుతున్నయ్" అంటాడు రోగి. డాక్టరు రాసుకునేది ఒకే మాట. కానీ తెలుగులో కళ్లు తిరగడం అంటే చాలా ఉంది. లేచి నిలబడగానే కళ్లకు చీకట్లు కమ్మడం ఒకటి. గది మొత్తం గిర్రున తిరగడం ఇంకొకటి. నడుస్తుంటే పక్కకు తూలిపోవడం వేరు. తల దిమ్ముగా, మబ్బుగా ఉండటం మరీ వేరు. చీకట్లు కమ్మడం బీపీది కావచ్చు. దిమ్ము నిద్రలేమిదో, మైగ్రేన్‌దో, రోజూ మింగుతున్న నొప్పి మాత్రలదో కావచ్చు. అవును, తలనొప్పి మాత్రలు నెలల తరబడి వేసుకుంటే అవే తలనొప్పి తెస్తాయి. తూలడం మెడ కండరాలది కావచ్చు. నల్లగొండ జిల్లాలో మెడ బిగుసుకుపోయిందని ఎవరన్నా వస్తే ఫ్లోరోసిస్ ఉందేమోనని కూడా ఆలోచించాలి. దెబ్బకు ముందే ఉన్న జబ్బు దెబ్బ ఖాతాలో పడగలదు.

గది గిర్రున తిరగడం సంగతే వేరు. లోపలి చెవిలో తూకం పట్టే చోట సున్నపు పలుకులుంటాయి, కంటికి ఆననంత చిన్నవి. తలకు దెబ్బ తగిలినప్పుడు అవి ఊడి, పక్కనున్న అర్ధవృత్తపు గొట్టంలోకి జారతాయి. పక్క మీద అటు తిరిగినా, పైఅల్మారా కోసం తలెత్తినా, కొన్ని క్షణాలు లోకం గింగిరాలు తిరుగుతుంది. ఇది సీటీలో కనబడదు, ఎంఆర్‌ఐలో కనబడదు. మంచం మీద కూర్చోబెట్టి, తల పక్కకు తిప్పి, వేగంగా వెనక్కి పడుకోబెట్టి, కళ్లలోకి చూస్తే కనబడుతుంది: కనుగుడ్లు లయగా కొట్టుకుంటాయి. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1980లలో చూపించిన పద్ధతిలో తలను వరసగా నాలుగు భంగిమల్లో తిప్పితే పలుకులు తిరిగి తమ చోటికి జారతాయి. ఖర్చులేదు, మందులేదు, పది నిమిషాల పని. ఇంత సులువుగా తగ్గేది "పోస్ట్ కంకషన్" అన్న పెద్ద పేరు కింద నెలల తరబడి పడి ఉండటం నాకు బాధగా ఉంటుంది. ఒక పేరు పెట్టేసి ఊరుకోవడం కంటే, ఏ కళ్లు తిరగడమో విడదీసి అడగడం రోగికి ఎక్కువ మేలు చేస్తుంది.

విశ్రాంతి విషయంలోనూ పాత సలహా మారింది. ఒకప్పుడు చీకటి గదిలో పడుకోబెట్టేవాళ్లు. ఇప్పుడు ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండమని, తర్వాత లక్షణాలు బాగా రేగనంత మేర నడక మొదలుపెట్టమని చెబుతున్నారు. అమెరికాలో బఫెలోకు చెందిన జాన్ లెడ్డీ బృందం 2019లో ఆటల్లో దెబ్బతిన్న పిల్లలతో చేసిన పరిశోధనలో, తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లు సగటున 13 రోజుల్లో కోలుకున్నారు. ఒళ్లు సాగదీసే కసరత్తుతో సరిపెట్టుకున్నవాళ్లకు 17 రోజులు పట్టింది. రైస్‌మిల్లులో మాత్రం తేలికపాటి పని అంటూ వేరే ఉండదు. సగం రోజు పనికి సగం కూలీ అయినా ఇస్తారో లేదో తెలియనివాడికి ఈ సలహా సగమే పనికొస్తుంది.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు కూడా ఇదే మనిషి ఇరుక్కుపోతాడు. కాలు విరిగితే వైకల్యానికి శాతం వేసి కాగితం ఇస్తారు. లెక్క తప్పే మెదడుకు శాతం వేయడానికి చేతిలో ఉన్న ఫిల్ము "నార్మల్" అంటుంది. 2010లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది: అవయవానికి ఎంత శాతం నష్టం అన్నది ఒకటి, ఆ మనిషి సంపాదనకు ఎంత నష్టం అన్నది ఇంకొకటి, అతను ముందు ఏ పని చేసేవాడో చూసి రెండోది తేల్చాలని. గుమాస్తాకు లెక్కే చేతిపని. అది చూపాలంటే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత కొలిచే మానసిక పరీక్షలు కావాలి. బెంగళూరు నిమ్హాన్స్ మన దేశపు మనుషుల వయసును, చదువును లెక్కలోకి తీసుకుని అలాంటి పరీక్షల వరస తయారుచేసింది. చిన్న ఊళ్లో అవి చేసేవాళ్లు దొరకడమే కష్టం.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. "స్కాన్ నార్మల్" అన్నది తీసిన రోజుకే చెల్లుతుంది. అరవై దాటినవాళ్లలో, రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లలో, కపాలం కింద సన్నటి రక్తనాళం చిట్లి వారాల తరబడి మెల్లగా ఊరవచ్చు. మూడో వారమో ఆరో వారమో తాత మాట తడబడుతుంది, ఒక పక్క కాలు ఈడుస్తాడు, రోజంతా మత్తుగా పడుకుంటాడు. దాన్ని ముసలితనం అనుకుని ఊరుకోకూడదు, మళ్లీ స్కాన్ తీయాలి. ఆ రక్తాన్ని చిన్న రంధ్రం వేసి తీసేస్తే చాలామంది తేరుకుంటారు. వయసు ఏదైనా సరే, వాంతులు ఆగకపోయినా, తలనొప్పి గంట గంటకూ పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచి నీళ్లలా కారుతున్నా ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి.

గుమాస్తా దగ్గరికి వద్దాం. ఈసారి అతను వెళ్లిన చోట డాక్టరు ఫిల్ము పక్కన పెట్టి అడుగుతుంది: "ఎప్పుడు తిరుగుతది? లేసినప్పుడా, పక్కకు ఒరిగినప్పుడా?" "కుడిదిక్కు ఒరిగితేనే, మేడమ్. ఎడమదిక్కు పంటే ఏం గాదు." తల కుడికి తిప్పి, మంచం మీద వెనక్కి పడుకోబెడుతుంది. కనుగుడ్లు కొట్టుకుంటాయి. ఆమె ఎప్లీ పద్ధతిలో తల తిప్పాక, పది నిమిషాలకు లేచి కూర్చుని, మెల్లగా కుడికి ఒరిగి చూసుకుంటాడు. గది నిలబడే ఉంది. "తలనొప్పో?" అంటాడు. "దాని సంగతి నెల తర్వాత చూద్దాం, మాత్రలు ఇయ్యాల్టి నుంచి బంద్ చెయ్" అని రాసిస్తుంది. లెక్క ఎందుకు తప్పుతోందో ఆమెకూ తెలియదు. వచ్చేటప్పుడు ఇంటామెను కూడా తీసుకురమ్మంటుంది, దెబ్బకు ముందు మనిషి ఎట్లుండెనో అడగడానికి.